బీటు పడితే హెడ్‌లైటు కన్నుకొడుతోందా?

వెయ్యి వాట్ల మోతకి కారు కరెంటు చాలదు... ఎందుకు చాలదు? ఏం చేస్తే చాలుతుంది?

సెకండ్ షో వదిలిన వేళ. థియేటర్ గేటు దగ్గర్నుంచి ఓ కారు మెల్లగా రోడ్డెక్కుతోంది. అద్దాలు నాలుగూ బిగించే ఉన్నాయి. అయినా లోపలి పాట టీ బంకు దాకా వినిపిస్తోంది! ‘ధబ్... ధబ్...’ మన్నప్పుడల్లా వెనక నంబరు ప్లేటు గజగజలాడుతోంది. కుర్రాళ్లు తలతిప్పి చూస్తున్నారు. అంతవరకూ బాగానే ఉంది.

కానీ ఓసారి ఆ కారు హెడ్‌లైట్ల వంక చూడండి. దెబ్బ పడినప్పుడల్లా వెలుగు మసకబారుతోంది. పాటకి తగ్గట్టు కన్ను కొడుతున్నట్టే ఉంది. చూసేవాళ్లకి అది స్టయిలు. కారుకి మాత్రం అది ఆకలి కేక!

ఆ ఆకలి కథే ఈ వారం మన కథ.

పాటకి ఈ ఒళ్లు ఎప్పుడొచ్చింది?

ఒకప్పుడు సినిమా పాటంటే గొంతు, వేణువు, వయొలిన్లు. ఇవాళ పాట ముందు మన ఛాతీకి తగిలి, ఆ తర్వాత చెవికి చేరుతోంది. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు.

1974లో హాలీవుడ్ ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకి యూనివర్సల్ వాళ్లు ‘సెన్సరౌండ్’ అనే పద్ధతి తెచ్చారు. హాల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, భూకంపం వచ్చినప్పుడు ప్రేక్షకుడి కుర్చీనే వణికించారు. ఆ స్పీకర్లు తయారుచేసిన సెర్విన్-వేగా కంపెనీ కార్ల వూఫర్లలోనూ పేరు తెచ్చుకుంది. అంటే కారు డిక్కీలోని మోతకీ, సినిమా హాలుకీ చుట్టరికం పాతదే నన్నమాట!

1980లో జపాన్‌లోని రోలాండ్ కంపెనీ టి.ఆర్.-808 అనే డ్రమ్ మెషిన్ తెచ్చింది. దాని డ్రమ్ము దెబ్బ మామూలు డ్రమ్ములా ‘టప్’మని ఆగదు. ‘ధూమ్మ్మ్...’ అని సాగుతుంది. అమెరికాలోని మయామీ కుర్రకారు ఆ దెబ్బని కార్లలోకి ఎక్కించారు. కారు స్టీరియోల పిచ్చికి అదొక పెద్ద ఊపు.

మనదగ్గర 1986లో కృష్ణగారు ‘సింహాసనం’ తీసి, తెలుగువాళ్లకి 70 ఎం.ఎం. స్టీరియో శబ్దం రుచి చూపించారు. 1992లో రెహమాన్ ‘రోజా’తో పాటలోని అడుగు స్వరాలు కేసెట్లోనే విడివిడిగా వినిపించడం మొదలయింది. ఇక 2021లో వచ్చిన ‘అఖండ’కి తమన్ ఇచ్చిన నేపథ్య సంగీతం సంగతి వేరే చెప్పాలా? హాల్లో ఆ మోత విన్న కుర్రాడు బయటికొచ్చి కారెక్కగానే అదే మోత కావాలంటాడు. తప్పేముంది?

తప్పేం లేదు. కాకపోతే హాల్లో ఆ మోతకి వెనకాల పెద్ద కరెంటు లైను ఉంది, జెనరేటర్ ఉంది. కార్లో ఉన్నదల్లా బానెట్ కింద ఓ చిన్న బ్యాటరీ, దాని పక్కన బెల్టుతో తిరిగే ఓ ఆల్టర్నేటర్. అంతే!

తారాగణం

మన సినిమా భాషలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఆల్టర్నేటర్ – నిర్మాత. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించేది ఇదొక్కటే.

బ్యాటరీ – ఫైనాన్షియర్. అవసరానికి అప్పిస్తుంది. ఇచ్చినదంతా మళ్లీ నిర్మాత దగ్గర వసూలు చేసుకుంటుంది. సొంతంగా సంపాదించేదేమీ లేదు.

యాంప్లిఫయర్ – హీరో. ఖర్చంతా ఆయనదే. పేరూ ఆయనదే.

వైర్లు – ప్రొడక్షన్ మేనేజర్లు. నిర్మాత ఇచ్చిన సొమ్ము హీరోకి చేరేలోగా దారిలో ఎంత మాయమవుతుందో వీళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్యూజు – సెన్సార్. అడ్డుపడినప్పుడు అందరికీ కోపమే. లేకపోతే మాత్రం కొంప కొల్లేరు!

చాలామంది చేసే పొరపాటేమిటంటే, ఫైనాన్షియర్నే నిర్మాత అనుకోవడం. ‘పెద్ద బ్యాటరీ వేయిస్తే సరిపోతుంది కదన్నా?’ అని అడుగుతారు. పెద్ద బ్యాటరీ అంటే పెద్ద అప్పు. సంపాదన పెరగకుండా అప్పు పెంచితే ఏమవుతుందో సినిమావాళ్లకి వేరే చెప్పాలా!

లెక్క చూద్దాం రండి

మన కుర్రాడొకడు చిన్న కారు కొన్నాడనుకోండి. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. ఆల్టర్నేటర్ 80 ఆంపియర్లు. డిక్కీలో పెద్ద వూఫరు, దానికి 1000 వాట్ల క్లాస్-డి యాంప్లిఫయర్ పెట్టించాలని మనవాడి కోరిక.

డబ్బా మీద రాసే ‘5000 వాట్స్’ అంకెలు చూసి మోసపోకండి. ఆర్.ఎం.ఎస్. అని రాసిన అంకే నిజమైన అంకె. మన లెక్కలో 1000 వాట్లన్నది ఆర్.ఎం.ఎస్.

ఏ యాంపూ తీసుకున్న కరెంటంతా శబ్దంగా మార్చదు. కొంత వేడి రూపంలో పోతుంది. క్లాస్-డి రకం నూటికి 80 పాళ్లు పనిచేస్తుందనుకుందాం. అంటే 1000 వాట్లు బయటికి రావాలంటే 1250 వాట్లు లోపలికి పోవాలి. ఇంజను నడుస్తున్నప్పుడు కారు కరెంటు దాదాపు 13.8 వోల్టులు. 1250ని 13.8తో భాగిస్తే... 90 ఆంపియర్లు! పాత రకం క్లాస్-ఏబీ యాంపు అయితే ఇంకా ఎక్కువ, 120 దాటుతుంది.

అన్నట్టు, కారుకి సొంత ఖర్చు కూడా ఉంది కదా? పెట్రోలు పంపు, కంప్యూటరు, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను, వైపర్లు... రాత్రిపూట వానలో అన్నీ కలిస్తే 40 ఆంపియర్లు సులువుగా అవుతుంది.

40, 90 కలిస్తే 130. నిర్మాత గారి సంపాదన 80. మరి మిగతా 50? ఫైనాన్షియర్ బ్యాటరీ గారి దగ్గర అప్పు!

‘మరి అందరి కార్లూ ఆగిపోవాలి కదా?’ అంటారా? మంచి ప్రశ్నే. ఆగకపోవడానికి కారణం ఉంది. పాట అంటే ఎడతెగని మోత కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. సగటు చూస్తే యాంపు తాగేది ఆ 90లో మూడో వంతే కావచ్చు. అంటే 30. దానికి 40 కలిపితే 70. నిర్మాత గట్టెక్కాడు! దెబ్బ పడిన క్షణంలో మాత్రం బ్యాటరీ చెయ్యందిస్తుంది, ఖాళీలో తిరిగి నింపుకుంటుంది.

అసలు చిక్కు సిగ్నల్ దగ్గర వస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యంలో సగం ఇచ్చినా గొప్పే. 80 కాస్తా 40 అవుతుంది. ఆ నలభై కారు ఖర్చుకే సరి! పాటంతా అప్పు మీదే. లైట్లు అక్కడే ఎక్కువ మసకబారడానికి కారణం అదే. ఇంజను ఆపేసి, ఏ బీచ్ దగ్గరో గంటసేపు పాటలు పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది? తెల్లారి సెల్ఫ్ కొడితే ‘టక్’ అంటుంది. నలుగురూ దిగి తొయ్యాల్సిందే.

మరో నష్టం కంటికి కనిపించదు. వోల్టేజి 14.4 నుంచి 12కి పడిపోతే, చాలా యాంపుల పవరు అంతే నిష్పత్తిలో తగ్గదు. దానికి రెట్టింపు వేగంతో తగ్గుతుంది. 1000 వాట్ల హీరో 700 వాట్లకి దిగిపోతాడు. మోత తగ్గిందని మనవాడు వాల్యూమ్ ఇంకా పెంచుతాడు. అప్పుడు పాట అంచులు నరికేసినట్టు గరగరలాడుతుంది. దాన్ని క్లిప్పింగ్ అంటారు. ఆ నరికిన పాటే వూఫరు కాయిల్‌ని కాల్చేస్తుంది. ‘స్పీకర్ నాసిరకం’ అని షాపువాడితో దెబ్బలాట! పాపం, స్పీకర్ చేసిన తప్పేముంది?

ముందు ముగ్గుర్ని మార్చండి

ఈ పని తెలిసిన మెకానిక్కులు దీన్ని ‘బిగ్ త్రీ’ అంటారు. కారు పుట్టినప్పుడు కంపెనీవాళ్లు వేసిన మూడు ముఖ్యమైన వైర్లకి తోడుగా, వాటికంటే లావైన మూడు వైర్లు వేయడమే ఈ పని.

ఒకటి: ఆల్టర్నేటర్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి. దీనికి ఫ్యూజు తప్పనిసరి.

రెండు: బ్యాటరీ మైనస్ నుంచి కారు బాడీకి. అంటే మనవాళ్లు ‘ఎర్తు’ అనేది.

మూడు: ఇంజను నుంచి కారు బాడీకి.

రెండోదీ మూడోదీ చూసి ‘ఎర్తుకి ఇంత హంగామా ఎందుకు?’ అని కొట్టిపారెయ్యకండి. ప్లస్‌లో వెళ్లిన ప్రతి ఆంపియరూ మైనస్‌లో తిరిగి రావాల్సిందే. వెళ్లే దారి నాలుగు వరసల రోడ్డూ, వచ్చే దారి పుంతబాటా అయితే బండి కదులుతుందా? బాడీకి బిగించేచోట రంగు గీకి, ఇనుము తెల్లగా కనిపించాక లగ్గు బిగించాలి. రంగు మీద బిగించిన ఎర్తు ఎర్తే కాదు.

ఇక డిక్కీలోకి వెళ్లే వైరు. ముందునుంచి వెనక్కి 5 మీటర్లు అనుకుందాం. 90 ఆంపియర్లు పారితే ఏమవుతుందో చూడండి.

10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దారిలోనే దాదాపు 0.8 వోల్టు మాయం.

25 వేస్తే 0.3.

50 వేస్తే 0.16.

ఇవన్నీ అసలు రాగికి వచ్చే లెక్కలు. సీసీఏ అనే రకం ఒకటుంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చవక కాబట్టి చూసి ముచ్చటపడతాం. కరెంటు మోయడంలో అది రాగికి మూడింట రెండు వంతులు కూడా రాదు. పైన పట్టు చొక్కా, లోపల చిరుగుల బనీను! చాకుతో వైరు చివర గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది సీసీఏ. అదే వేయక తప్పదనుకుంటే ఒక సైజు ఎక్కువ వేయించండి.

సెన్సార్ కత్తెర లేకపోతే...

ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే చదువుతానంటే, ఇది చదవండి.

పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని ధీమా వద్దు. షాక్ కొట్టదు, నిజమే. కాలుస్తుంది! ఫ్యూజు లేని లావు వైరు ఎక్కడో ఇనుప అంచుకి రాసుకుని, తొడుగు తెగి, బాడీకి తగిలిందనుకోండి. బ్యాటరీ ఒక్కసారిగా కొన్ని వందల ఆంపియర్లు గుమ్మరిస్తుంది. 500 ఆంపియర్లు అనుకుంటే ఆరు కిలోవాట్లు. మూడు గీజర్ల వేడి ఒక్క వైరు మీద! కొద్ది క్షణాల్లో తొడుగు మండుతుంది. దాని పక్కనే కార్పెట్టు, స్పాంజి సీట్లు. ఆపైన చెప్పనక్కర్లేదు.

అంచేత బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. యాంపు పక్కన పెట్టానంటే కుదరదు. ఫ్యూజు కాపాడేది యాంపుని కాదు, వైరుని. డిక్కీలో ఫ్యూజు పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న అయిదు మీటర్లకీ దిక్కెవరు? మనవాడి యాంపుకి 100 ఆంపియర్ల ఫ్యూజు, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఫ్యూజు పోతే దాని స్థానంలో మేకో, సిగరెట్ పెట్టె కాగితమో పెట్టే ఘనులున్నారు. వాళ్ల కారెక్కకండి!

ఇంజను గదినుంచి లోపలికి వైరు దూరే కన్నానికి రబ్బరు బుష్ వేయించండి. చేతి ఉంగరం, ఇనుప గొలుసు వాచీ తీసేశాకే పని మొదలుపెట్టాలి. మొట్టమొదట ఊడదీయాల్సింది బ్యాటరీ మైనస్. చిట్టచివర బిగించాల్సింది కూడా అదే. స్క్రూలు దించేముందు కింద పెట్రోలు పైపు ఉందేమో వంగి చూడాలి. సి.ఎన్.జి. కారైతే డిక్కీలో సిలిండర్ పక్కన డ్రిల్లింగూ వద్దు, యాంపూ వద్దు.

పసుపు రంగు వైర్ల జోలికి అసలు పోకూడదు. అవి ఎక్కువ కార్లలో ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

కెపాసిటర్ బాబు కథ

నీలం లైట్లతో, మెరిసే అంకెలతో సీసాలాంటి వస్తువొకటి షాపులో ఊరిస్తూ ఉంటుంది. ‘ఒక ఫారడ్ కెపాసిటర్ తమ్ముడూ, ఇది పెడితే లైట్లు మసకబారవు’ అంటారు. నిజమెంతో లెక్క వేద్దాం.

ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 13కి దిగేలోగా ఇచ్చే శక్తి 13.5 జౌల్స్. మన యాంపు సెకనుకి మింగేది 1250 జౌల్స్. అంటే కెపాసిటర్ బాబు ఆదుకునేది సెకనులో నూరో వంతు! గెస్ట్ ఆర్టిస్టులా ఒక్క ఫ్రేములో కనిపించి మాయం. మళ్లీ దాన్ని నింపాల్సింది కూడా ఆల్టర్నేటరే. చిన్న చిన్న కుదుపులకి కాస్త పనికొస్తుందేమోగానీ, సంపాదన చాలని ఇంటికి హుండీ కొనిచ్చినట్టే.

బ్యాటరీ మార్చదలిస్తే ఏజీఎం రకం చూడండి. మామూలు బ్యాటరీ కన్నా అది త్వరగా కరెంటిస్తుంది, త్వరగా నింపుకుంటుంది. రెండో బ్యాటరీ డిక్కీలో పెట్టాలంటే నీళ్లు పోసే రకం పనికిరాదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఒక నిప్పురవ్వ చాలు.

ఇంతా చేసినా వోల్టేజి నిలబడకపోతే, అప్పుడు నిర్మాతనే మార్చాలి. ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేయించాలి. కొనేముందు ‘గరిష్ఠం ఎంత?’ అని కాకుండా ‘ఇంజను ఐడిల్‌లో ఎంత ఇస్తుంది?’ అని అడగండి. షాపువాడు మీ వంక కొత్తగా చూస్తాడు!

కొత్త కార్ల కొత్త పేచీలు

ఈమధ్య చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే నడుపుతోంది. పెట్రోలు ఆదా కోసం ఒకసారి వోల్టేజి తగ్గిస్తుంది, మరోసారి పెంచుతుంది. బ్యాటరీ మైనస్ దగ్గర చిన్న సెన్సర్ కాపలా ఉంటుంది. యాంపు ఎర్తుని తిన్నగా ఆ బ్యాటరీ మైనస్‌కే తగిలిస్తే, వెళ్లే కరెంటు సెన్సర్ లెక్కకి అందదు. ఇలాంటి కార్లలో ఎర్తు బాడీకే ఇవ్వాలి.

కరెంటు కారైతే ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టర్ 12 వోల్టులు చేసి ఇస్తుంది. దాని హద్దు దానికుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లారా... అది స్టీరియో పని కాదు, ప్రాణాల మీది పని.

కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీ దగ్గర కిరికిరి తప్పదు. కొయ్యకుండా ప్లగ్గుతో తగిలించే కప్లర్లు దొరుకుతాయి. అవి అడగండి.

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో పని చేయించేటప్పుడు మెకానిక్ చేతిలో మల్టీమీటర్ ఉందా లేదా చూసుకోండి. ఇంజను ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 చూపాలి. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా. లైట్లు, ఏసీ, పాట... అన్నీ పెట్టి యాంపు దగ్గర కొలవాలి. 13కి పైన నిలబడితే మార్కులు పడ్డట్టే. 12లోకి జారితే ఎక్కడో దొంగ ఉన్నాడు.

అన్నట్టు, మన ఊళ్లలో ఆటోలకీ ట్రాక్టర్లకీ కూడా పెద్ద పెద్ద సౌండు బాక్సులు కడుతున్నారు. వాటి ఆల్టర్నేటర్ కారు దానికన్నా చిన్నది. పెళ్లి ఊరేగింపులో డీజే బండి తన వెంట జెనరేటర్‌ని ఎందుకు తెచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదూ?

ఇంతకీ వెయ్యి వాట్లు ఎందుకు?

ఆఖర్న ఓ చేదు నిజం. వాట్లు రెట్టింపు చేస్తే మోత రెట్టింపు కాదు. మూడంటే మూడే డెసిబెల్స్ పెరుగుతుంది. మన చెవికి ‘రెట్టింపయింది’ అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అంటే 100 వాట్ల పాటకీ 1000 వాట్ల పాటకీ చెవిలో తేడా రెండింతలే. ఖర్చులో తేడా మాత్రం మీ జేబునే అడగండి!

అంచేత మంచి డబ్బా, తక్కువ వాట్లకే గట్టిగా పలికే వూఫరు, తలుపుల రేకులకి డ్యాంపింగ్ షీట్లు... వీటి మీద ముందు ఖర్చు పెడితే 300 వాట్లకే గుండె నిండుతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ మార్చే పనే ఉండకపోవచ్చు.

చెవి సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైము సగం అవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఇది అమెరికాలోని నియోష్ సంస్థ చెప్పే హద్దు. పెద్ద వూఫరున్న కార్లో అద్దాలు బిగిస్తే 100 దాటడం చిటికెలో పని. ఫ్యూజు పోతే కొత్తది వేసుకోవచ్చు. చెవిలోని నరాల వెంట్రుకలు పోతే మళ్లీ మొలవవు. పొలిటికల్ మీటింగుల మైకుల్నే రాత్రి పదికి ఆపించే శబ్ద కాలుష్యం రూల్స్ 2000 నుంచీ ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి హద్దు 45 డెసిబెల్స్ మాత్రమే. వీధిలో పసిపిల్లలూ, గుండె జబ్బు పెద్దలూ నిద్రపోతుంటారు. వాళ్లు మన సినిమాకి టికెట్ కొనలేదు కదా!

కాబట్టి కుర్రాళ్లూ, వరస ఇదీ: ముందు ఫ్యూజు. తర్వాత ఎర్తు. తర్వాత రాగి వైరు. తర్వాత బ్యాటరీ. అన్నీ అయ్యాక కూడా లోటుంటే అప్పుడు ఆల్టర్నేటర్. నీలం లైట్ల కెపాసిటర్? దసరాకి డెకరేషన్‌కి ఉంచుకోండి. ఆ డబ్బుతో మీ అభిమాన హీరో సినిమాకి నలుగురు ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లినా పుణ్యమే!